తినమని పూసిన పూత

వెనకటికి ఒక రేవుపట్నంలో, ఎవరి పూత ఇనుమును కాపాడుతుందో చూద్దామని, ఓడినవాడు ఊరు విడవాలని పందెం వేసి, మూడేళ్లు సముద్రంలో నానిన రెండు ఇనుప లంగర్లను పైకి లాగి గొలుసులకు వేలాడదీశారు. ఆస్థాన కంసాలి బంగారు పూత వేసిన లంగరు ధగధగలాడుతోంది. ఇసుక రాపిడికి ఒక్కచోట గోరంత గీరుకుపోయిందంతే. కమ్మరి గవరయ్య తుత్తునాగం అనే తెల్లటి లోహం కరిగించి పూసిన లంగరు మాత్రం సగం పూత పోయి, బొల్లి పట్టినట్టుంది.

"గవరయ్యా, ఓడిపోయావు. ఊరు విడిచి పో!" అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ. పోయేముందు, ఎవరి లంగరు కింద వాళ్లం కాసేపు కూర్చుంటాం."

గవరయ్య వెళ్లి తన లంగరు కింద చతికిలబడ్డాడు. కంసాలి మాత్రం కదల్లేదు.

"మెరుస్తోందిగా, భయమెందుకయ్యా?" రాజుకి అయోమయంగా ఉంది. చేతికర్రతో బంగారు లంగరును తట్టాడు. గీరుకుపోయిన చోటే అది పుటుక్కున విరిగిపడింది. లోపలంతా తుప్పు!

రాజుకి మరీ తికమక. "సముద్రం తినేసింది నీ పూతని కదా గవరయ్యా?"

"తినమనే పూశాను ప్రభూ. అది ఉన్నన్నాళ్లూ ఉప్పునీరు ఇనుము జోలికి రాదు. కాపలావాడు దెబ్బలు తింటేనే కదా లోపలివాడు క్షేమంగా ఉండేది!"

రాజు మెల్లగా వెనక్కి తిరిగి, ఒంటిమీద ఒక్క గాటైనా లేని తన అంగరక్షకులకేసి మొదటిసారి అనుమానంగా చూశాడు.