వణికిన గీత

అయ్యవారి బొటనవేలు బాగయింది. అయినా ఆయన కలం ముట్టడం లేదు. కస్తూరికి అదే దిగులు.

శ్రీకాళహస్తిలో ఈ చెంగల్రాయుడు అయ్యవారి దగ్గర ఎందరో కలంకారీ నేర్చుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది కస్తూరి ఒక్కతే. పనిమంతురాలు, మనసు వెన్న, నోరు మాత్రం ఊరుకోదు. గురువుకి తానే కన్నతల్లి అయినట్టు మాట్లాడుతుంది. ఆయన ఆపరేషను చేయించుకున్నది కూడా ఆ నోటి పోరు పడలేకే.

కలంకారీ కలమంటే వెదురు పుల్ల. దాని నడుమ ఉన్ని చుట్టి ఉంటుంది. ఆ ఉన్నిని కసిం అనే నలుపులో ముంచి, బొటనవేలితో ఒత్తుతూ ఉంటే రంగు మొనకు దిగుతుంది. గట్టిగా ఒత్తితే మరక, ఒత్తకపోతే గీత తెగుతుంది. బతుకంతా అలా ఒత్తీ ఒత్తీ అయ్యవారి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే కీలు అరిగిపోయింది. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా, డబ్బా మూత తియ్యాలన్నా ప్రాణం పోయినంత పనయ్యేది.

"తిరుపతిలో అరిగిన కీలు తీసేసి కొత్తది పెడతారంట అయ్యవారూ. మోకాలికి పెట్టినట్టే, కాకపోతే చిన్నది," అంది కస్తూరి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మే?"

"కందకు బుద్ధి లేదు గనక!"

ఆయన నవ్వాడు. శివుడి పెళ్లి బొమ్మలు వేస్తున్న గుడ్డ మీద గీతలు ముగించి పోదామన్నాడు. పళ్లు బిగించి గీసి, ముగించి, అప్పుడు వెళ్లాడు.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పారు. వేలిని ఎలా ఆడించాలో నేర్పారు. ఇక నిశ్చింతగా పని చేసుకోమన్నాడు డాక్టరు. అయ్యవారు ఇంటికొచ్చి, తన గుండీలు తనే పెట్టుకుని, తమలపాకుల ఈనెలు తనే తీసుకుని, దర్జాగా అరుగు మీద కూర్చున్నాడు. కలం జోలికి మాత్రం పోలేదు. రంగులు వెయ్యాల్సిన శివుడి పెళ్లి దండెం మీదే వేలాడుతోంది.

కస్తూరి ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

"నొప్పిగా ఉండాదా అయ్యవారూ?"

"లేదు."

"పట్టు రాలేదా?"

"వచ్చింది."

"అయితే నా మీద కోపం. నేనే గదా పోరు పెట్టి కోయించింది! పాపిష్టిదాన్ని, నోరు మూసుకుని ఉండాల్సింది."

"ఆపరేషను మంచిపనే మే. నీకు దండం పెట్టాల. పోయి ఆ గుడ్డ తీసకరా."

గుడ్డను అరుగు మీద పరిచారు. ముందు నంది, వెనక బాజాలు, పైన గొడుగులు, పెళ్లి పెద్దలు. అయ్యవారు గుప్పెడు చింతపిక్కలు తెచ్చి ఆమె చేతిలో పోశాడు.

"దీంట్లో నేను గీసిన గీత యాడుందో, ఆడ ఒక పిక్క పెట్టు."

"ఇదేం చోద్యం! అంతా మీరు గీసిందే గదా," అని నవ్వుతూ వంగింది. నంది మెడ దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ గుడ్డ గీసే రోజుల్లో నొప్పికి అయ్యవారి గీత వణికేది. పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ మీద నలుపు పడిందంటే ఇక చెరపడమంటూ లేదు. దాని మీదే లావుగా ఇంకో గీత గీయాలి. ఆయన అన్నానికి లేచినప్పుడల్లా కస్తూరి తన కలంతో ఆ వణుకును కప్పేసింది. కొనేవాళ్లు చూసి ముసలాయన పని అయిపోయిందని అనుకోకూడదని ఆమె తాపత్రయం. గురువు పరువు నిలబెట్టానని లోలోపల మురిసిపోయింది కూడా. ఆయన కనిపెట్టలేదులే అనుకుంది.

నంది మెడ వదిలి మూపురం చూసింది. గొడుగు అంచు చూసింది. సన్నాయి పట్టిన వేళ్లు చూసింది. ఎక్కడ చూసినా తన గీతే, నున్నగా, నల్లగా. గుప్పిట్లో పిక్కలు గుప్పిట్లోనే ఉన్నాయి.

"మీరు అప్పుడే చూసినారా?"

"చూడకేం."

"చూసి నన్ను తిట్టలేదేం అయ్యవారూ! రెండు తగిలించకపోయినారా!"

"నాకూ సిగ్గేసింది మే. వణికే గీత ఎవురికి ముద్దు? పోనీలే, మరుగున పడిందిలే అనుకుంటి. తప్పు నాదీ ఉండాది."

ఆయన కలం తీసుకున్నాడు. నలుపులో ముంచి, ఉన్నిని ఒత్తి, పాతగుడ్డ పేలిక మీద ఒక గీత లాగాడు. ఈ చివర నుంచి ఆ చివరకు అది ఎక్కడా జంకకుండా సాగిపోయింది.

కస్తూరి ఏడుస్తూనే, "అయ్యో సామీ! అచ్చం మునుపటిదే!" అంది.

అయ్యవారు ఆ గీత వంక కాసేపు చూశాడు.

"ఇది డాక్టరు పెట్టిన కీలు మే. మా అమ్మ కనిచ్చిన వేలు ఆఖరుగా గీసింది ఆ గుడ్డ మీదే. మళ్లీ కలం పట్టేముందు ఆ వణుకు గీతనే ఒక్కసారి చూసుకుందామనుకుంటి."