ఇప్పగెడ్డ గడపలేనమ్మ

తూర్పు కొండల వరుస దిగి మైదానంలో కలిసేచోట ఇప్పగెడ్డ అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగిన యాత్రికులు జీడితోటల నడుమ అర మైలు నడిస్తే అమ్మవారి గుడి కనిపిస్తుంది. ఈ గుడికి మెట్లు లేవు. కింది బాట నుంచి గర్భగుడి దాకా ఒక మట్టిదారి మెల్లగా వాలుగా పైకి వెళుతుంది. ద్వారానికి గడప కూడా లేదు. గుమ్మమంటూ ఉంటే గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే మన ప్రాంతంలో అమ్మవారి కోవెలకే గడప లేకపోవడం కొత్తవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ తల్లిని గడపలేనమ్మ అని పిలుస్తారు. ఆ పేరు వచ్చిన విధం ఊరి పెద్దలు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ అమ్మవారు చిన్న రాతి కోవెలలో కొలువై ఉండేది. దానికి నిటారుగా ఆరు మెట్లు, మోకాలెత్తు రాతి గడప ఉండేవి. ఆ కాలంలో తవిటమ్మ అనే మంత్రసాని ఊళ్ళో ఉండేది. భర్త పోయాక అత్త సన్యాసమ్మతోనే కాపురం. చుట్టుపక్కల పల్లెల్లో తవిటమ్మ చేతుల్లోకి రాకుండా పుట్టిన బిడ్డ లేదనేవారు.

ఒక శ్రావణంలో ఊరి పక్కన పారే గెడ్డ అవతల ఒక ఇల్లాలికి నొప్పులు వస్తున్నాయని కబురు వచ్చింది. వరద ఇంకా తీయలేదు. అయినా తవిటమ్మ ఆగక నీళ్ళలోకి దిగింది. నడిమధ్యలో ఉండగా కొట్టుకొచ్చిన మాను ఒకటి ఆమె కాలిని బండకేసి నొక్కింది. ఒడ్డున ఉన్నవారు తాళ్ళు వేసి లాగి బయటపడేశారు. ఆ ఇల్లాలు క్షేమంగానే ప్రసవించింది గాని, తవిటమ్మ కాలు బాగుపడలేదు. ప్రాణం దక్కాలంటే మరో దారి లేదని వైద్యుడు మోకాలి కింద నుంచి తీసివేశాడు.

గాయం మానడానికి మూడు నెలలు పట్టింది. వడ్రంగి లోకనాథం చంకకర్ర చేసి ఇచ్చాడు. కర్రతో గదిలో తిరగడం అలవాటైంది గాని, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎత్తైన గడప అడ్డం వచ్చేది. దాని అవతల నడుమెత్తు అరుగు, మూడు మెట్లు. ఊరు ఆమెను మరవలేదు. రోజుకొక ఇంటి నుంచి అంబలి వచ్చేది. పెరట్లోకీ ఆ ఒక్క గుమ్మం గుండానే దారి కాబట్టి, వెళ్ళాలంటే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఎత్తుకునేవారు. వాళ్ళు వచ్చేదాకా ఓర్చుకోవలసి వస్తుందని తవిటమ్మ నీళ్ళు తాగడం మానుకుంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది లోకనాథం భార్య. పొద్దున నింపిన కుండ సాయంత్రానికీ నిండుగానే ఉండటం చూసి, ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పి ఏడ్చింది.

మర్నాడే లోకనాథం పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్లు తీసి, వాలుగా మట్టి పోసి, కొట్టి గట్టిపరిచారు. తవిటమ్మను ఎత్తి అరుగు మీదికి తెచ్చి, దిగమన్నారు. రెండో అడుగుకే కర్ర జారి ఆమె కింద పడింది. అందరూ పరుగున వచ్చారు.

"మీ కాళ్ళతో కొలిసి ఏసినారు, బాబూ" అంది తవిటమ్మ మట్టి దులుపుకుంటూ. "నన్నడగండి. నా కర్ర ఎంత దూరం పడతాదో, నాను ఎక్కడ ఆగాలో నాకు తెలుసు గదా."

ఆ మాటకు అందరూ తలలు వంచుకున్నారు. ఆమె చూపిన చోట్ల మేకులు పాతి, వాలును వీధి దాకా పొడవు చేశారు. పక్కింటివారు అడగకుండానే తమ కంచె వెనక్కి జరుపుకున్నారు. ఇక మిగిలింది గడప. లోకనాథం ఉలి తీయగానే సన్యాసమ్మ అడ్డం నిలబడింది.

"మెట్లు తీసినారు, ఊరుకున్నాను. గడప జోలికి రాకండి. లచ్చిందేవి ఉండే చోటది. కొడుకు పోయాడు, కోడలి కాలు పోయింది. ఈ ఇంట్లోంచి ఇంకేటి పోవాలి?"

ఆ గడపను పూజ చేసి నిలబెట్టింది లోకనాథమే. అతడు ఉలి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి మధ్యాహ్నం సన్యాసమ్మ కునుకు తీస్తుండగా కల వచ్చింది. ముఖాన ఇంత బొట్టు పెట్టుకున్న స్త్రీ ఒకామె ఎండలో వీధి గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపలికి రమ్మని సన్యాసమ్మ పిలిచింది. "నీ కోడలు దాటలేని గడప నేనూ దాటను. ఆమె బయటికి రాలేకపోయిన నాటి నుంచి నేనిక్కడే నిలబడి ఉన్నాను" అంది ఆ స్త్రీ. ఆ గొంతు జాతరనాడు పూనకంలో తాను విన్న అమ్మవారి గొంతేనని సన్యాసమ్మకు తెలిసింది. ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా తవిటమ్మ గడపకు ఇవతల కూర్చుని, వీధిలో పోయేవారిని చూస్తూ ఉంది.

సన్యాసమ్మ వెంటనే గడపను కడిగి, పసుపు రాసి, చేతులెత్తి మొక్కింది. తర్వాత తానే వెళ్ళి లోకనాథాన్ని పిలుచుకొచ్చింది. గడ్డపలుగు మీద మొదటి చెయ్యి ఆమే వేసింది. పెకలించిన ఆ దూలాన్ని లోకనాథం పారేయలేదు. నున్నగా చిత్రిక పట్టి, పట్టుకుని నడవడానికి వీలుగా గోడ వెంట బిగించాడు. ఆనాటి నుంచి సన్యాసమ్మ పసుపు కుంకుమలు ఆ చేతిపట్టుకే పెట్టేది. తవిటమ్మ ఒంటరిగా పెరట్లోకి వెళ్ళివచ్చి, చెంబుడు నీళ్ళు ఎత్తి పట్టుకుని గడగడా తాగిందని, అత్త పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుందని చెబుతారు.

తవిటమ్మ మొదటగా అమ్మవారికి మొక్కుకోవాలంది. అప్పుడుగాని ఊరివారికి కోవెల మెట్లు గుర్తుకు రాలేదు. "మన ఇంటికి చేసింది తల్లి ఇంటికి చెయ్యకపోతే ఏ మొహం పెట్టుకుని నిలబడతాం?" అన్నాడు పూజారి. ఇంటికొక గంప చొప్పున మట్టి తెచ్చి పోశారు. రాతి గడపను తొలగించారు. తవిటమ్మ తన కర్రతో తానే గర్భగుడి దాకా నడిచి వెళ్ళింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆమె పురుళ్ళు పోసింది. ఏ ఇంటి ఆడపడుచుకైనా ఏడో నెల రాగానే ఆ ఇంటివారు తవిటమ్మ రావడానికి వీలుగా ముందే గడప తీసేవారు. అందుకే ఇప్పగెడ్డ పాత ఇళ్ళలో సగానికి నేటికీ గడపలు లేవు.

ఇప్పటికీ ఆషాఢంలో చివరి మంగళవారం భక్తులు గంపెడు మట్టితో వచ్చి, వానకు కరిగిన గుడి వాలును సరిచేస్తారు. ఆ వారమంతా చుట్టుపక్కల కాలో చెయ్యో పోగొట్టుకున్నవారి ఇళ్ళకు వెళ్ళి, వారు చెప్పిన ప్రకారం పని చేసి వస్తారు. సిమెంటు, ఇనుప పైపులు ఇప్పుడు మట్టితో పాటు వెళుతున్నాయి.

నిరుడు చక్కెర వ్యాధితో కాలు పోయిన ఒక దర్జీ ఇంట అలా పని జరిగింది. పని ముగిసిన మర్నాడు ఆయన చెప్పాపెట్టకుండా వీధి చివరి టీ కొట్టు దాకా వెళ్ళి వచ్చాడు. ఏం పనిమీద వెళ్ళావని భార్య కంగారుగా అడిగితే, ఊరికే వెళ్ళానన్నాడు. అలా ఊరికే వెళ్ళి రాగలగడమే ఈ తల్లి ఇచ్చే వరమని ఇక్కడివారి నమ్మకం.