తాతకు అయిదు నిమిషాలు

నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఉండేవాళ్ళు మాత్రం రెండు చెవులూ ఇటు పెట్టాలి. సగం విని నవ్వి, మిగతా సగం విన్నాక చెంపలు వేసుకున్నవాళ్ళతో ఇప్పటికి నాలుగు ఊళ్ళు నిండాయి.

ఒక రాజుకు చక్రాల మీద కోట ఉండేది.

రాజంటే నాటకాల రాజు. నలభై ఏళ్ళు కిరీటం మోసి మోసి, తీసేసినా నుదుటి మీద దాని అచ్చు పోని మనిషి. ఆయన రాగం తీస్తే పైన పోయే కొంగలు వరస తప్పేవి. కోటంటే పాత బస్సు. సీట్లు పీకేసి అందులోనే వంటగది, పడకలు, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, నాటకం దీపాలు అమర్చారు. దానికి ఆరు చక్రాలే అనేవాళ్ళు ఉన్నారు. పద్నాలుగు.

కోట ప్రాణం వెనక అరలో ఉండేది. అక్కడ ఒక జనరేటర్ కాపురం. అందరూ దాన్ని తాత అనేవాళ్ళు. తాత దగ్గితే మూడు మండలాల్లో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి. పక్క గోడకు రెండు ఇన్వర్టర్లు భుజం భుజం ఆనించుకుని ఉండేవి. కవలలు. తాత మేలుకుని ఉన్నంతసేపూ ఆ ఇద్దరూ బ్యాటరీల కడుపు నింపేవాళ్ళు. తాత పడుకోగానే బ్యాటరీల్లోంచి తోడి కోటంతా మోసేవాళ్ళు.

ఆ ముగ్గురి భాషా తెలిసినవాడు వాటిని చూసుకునే మేస్త్రీ ఒక్కడే. మిగతావాళ్ళకు గుర్రుమనే చప్పుడు వినపడేది. మేస్త్రీకి మాటలు వినపడేవి.

తాత మొదటి రోజే చెప్పాడు: "ఒరే, బరువు దింపీ దింపగానే నన్ను పడుకోబెట్టకు. ఒళ్ళు నిప్పులా ఉంటుంది. అయిదు నిమిషాలు ఉత్త చేతులతో తిరగనివ్వు."

కవలలూ చెప్పారు: "మాకేం చెప్పినా ఇద్దరికీ ఒక్కసారే చెప్పు. ఒకడు ముందూ ఒకడు వెనకా అంటే ఇద్దరం పోతాం."

రాజు ఇవేమీ వినలేదు. ఒక ఊళ్ళో తెర పడీ పడగానే వెనక్కి వచ్చి తనే తాత మీటను లాగేశాడు. కాలుతున్న తాత కాలుతున్నట్టే ఆగిపోయాడు. కవలల్లో ఒకడు బరువు ఎత్తుకున్నాడు, రెండోవాడు ఇంకా తాత చెయ్యి వదల్లేదు. మొదటివాడు నడుం విరిగి కూలాడు, వాడి వెంట రెండోవాడూ. కోట మూడు రోజులు చీకట్లో ఉంది. తాత వారం రోజులు పలకలేదు. అప్పట్నుంచి మేస్త్రీ ఆ మీటకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

తర్వాత ఆ వాన వచ్చింది. చుక్క చుక్కలో కుండెడు నీళ్ళు. రెండు వాగులు పొంగి కోటను మధ్యలో బిగించేశాయి. రాణి వేషం కట్టేది రాజు కూతురే. ఏడో నెల. దారిలోనే, తెల్లారేసరికి నొప్పులొచ్చి ఆడపిల్లను కంది. పిల్ల అరచేతిలో పట్టేంత ఉంది.

పురుడు పోసిన మంత్రసాని రోజూ రాజుకు రంగు పూసే మనిషే. ఆమె కిరీటం పెట్టెలోంచి కిరీటం తీసి అవతల పారేసి, దూది పరిచి, పిల్లను పడుకోబెట్టింది. పైన నాటకం బల్బు వేలాడదీసింది.

"వాగు తీసి, కబురందుకున్న డాక్టరు వచ్చేదాకా ఈ వేడి తగ్గకూడదు. తగ్గిందా, పిల్ల మనకు లేదు" అంది.

తాత పొద్దుట్నుంచీ ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. బల్బు మోశాడు, బ్యాటరీలు నింపాడు. బస్సు ట్యాంకులోది కూడా పిండి ఆయనకే పోశారు. మధ్యాహ్నానికి డీజిలు అడుగున వేలెడు మిగిలింది.

కవలలు అన్నారు: "మా కడుపు నిండింది. రేపు పొద్దుటిదాకా బల్బు మేం మోస్తాం. అప్పటికి తాత లేవాలి."

మేస్త్రీ ఆ మాట రాజుకు చెప్పాడు. రాజు ఎగిరి గంతేశాడు.

"ఇంకేం, ఆపెయ్ తాతను!"

"ఆపుతాను రాజుగారూ. బరువు దించి, అయిదు నిమిషాలు తిప్పి ఆపుతాను."

"బల్బు కవలలు మోస్తుంటే వీడెవరి కోసం తిరుగుతాడయ్యా?"

"ఎవరి కోసమూ కాదు."

"ఉన్నది వేలెడు! ఎవరి కోసమూ కానిదానికి తగలేస్తావా? అది నా మనవరాలి ఊపిరి!"

"అందుకే అంటున్నా. ఇప్పుడిలాగే ఆపేస్తే రేపటికి డీజిలు ఉంటుంది, తాగడానికి తాత ఉండడు."

"తాళంచెవి ఇటియ్యి."

"ఇవ్వను."

"నేనెవరో తెలుసా!" అని రాజు గొంతెత్తాడు. కోట అద్దాలు గలగలలాడాయి.

"తెలుసులే అయ్యా, ఆ మొహానికి రోజూ రంగు పూసేది నేనేగా" అంది మంత్రసాని లోపల్నుంచి. "అరవకు, పిల్ల అదిరిపడుతోంది. నిదానం."

పొద్దుట్నుంచీ ఆమె నోట అదొక్కటే మాట. తల్లికి నొప్పులొచ్చినప్పుడు నిదానం. పిల్ల ఏడవలేక ఏడ్చినప్పుడు నిదానం. ఇప్పుడు రాజుకూ అదే.

రాజు నోరు మూసుకున్నాడు. నలభై ఏళ్ళలో అది మొదటిసారి.

మేస్త్రీ కవలల ముందు నిలబడ్డాడు. వీళ్ళు కూలితే లేపడానికి మూడు రోజులు లేవు. "బ్యాటరీలకు పెట్టింది చాలు, నిదానంగా చేతులు తియ్యండి" అన్నాడు. తాత గర్జన ఒక మెట్టు దిగింది. ఇక మిగిలింది బల్బు.

"ఇద్దరూ. ఒక్కసారే."

టక్.

రెండు చప్పుళ్ళు కాదు, ఒక్కటే. ఇద్దరూ తాత చెయ్యి వదిలారు, ఇద్దరూ బల్బును ఎత్తుకున్నారు, వినపడింది మాత్రం ఒక్క టక్. అందరి కళ్ళూ బల్బు మీదే. అది రెప్ప వెయ్యలేదు. దాని కింద పిల్ల కదల్లేదు. వాన కూడా ఆ క్షణం ఊపిరి బిగబట్టి చూసింది. అబద్ధమైతే వాగునే అడగండి, అదీ ఆగింది.

అప్పుడు తాత గొంతు మారింది.

అంతసేపూ కొండను తోసినట్టు రొప్పుతున్నవాడు, చేతుల్లో ఏమీ లేకుండా తిరగడం మొదలుపెట్టాడు. పొగగొట్టం మీద పడిన చినుకల్లా సుయ్యిమని తెల్లటి ఆవిరై లేస్తోంది. మెల్లగా ఆవిరి పల్చబడింది. రొప్పు కూనిరాగమైంది. తలంటుకున్న ముసలాయన ఎండలో కూర్చుని తనలో తాను ఏదో పాడుకుంటున్నట్టు ఉంది. రాజు తడుస్తూ నిలబడి చూశాడు. తన మొహం మీద వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో నలభై ఏళ్ళూ ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు.

మేస్త్రీ తాత ఒంటి మీద అరచెయ్యి పెట్టి తీశాడు. కాలింది. కాసేపాగి మళ్ళీ పెట్టాడు. ఈసారి చెయ్యి నిలిచింది.

"చాల్లేరా" అన్నాడు తాత. మేస్త్రీ తాళంచెవి తిప్పి మీట లాగాడు.

మర్నాడు పొద్దున్నే కవలలు కీచుమన్నారు: "మేస్త్రీ, మోకాళ్ళు వణుకుతున్నాయి!" మేస్త్రీ మీటను తిరిగి పైకి తోశాడు. తాత ఒక్క దగ్గు దగ్గాడు. మూడు మండలాల్లో కోళ్ళు గూళ్ళలోంచి ఎగిరి పడ్డాయి. మిగిలిన డీజిలు చివరి చుక్కదాకా తాగి తాత బల్బును మోస్తూనే ఉన్నాడు. ఆ చుక్క అయ్యేలోపు వాగు తీసింది, డాక్టరు జీపు వచ్చింది. డాక్టరమ్మ పిల్ల గుండె మీద గొట్టం పెట్టి విని, "బతుకుతుంది" అంది. తల్లినీ పిల్లనూ కిరీటం పెట్టెతో సహా ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

జీపు చప్పుడు కూడా పోయాక రాజు బురదలో ఒక్కడే నిలబడ్డాడు. తల మీద ఏమీ లేదు. ఎదురుగా ఏమీ లేదు, నీళ్ళు తీసిన బీడు. ఉన్నట్టుండి పెద్ద గొంతుతో పద్యం ఎత్తుకున్నాడు. ఒకటయ్యాక ఇంకొకటి.

మంత్రసాని హడలిపోయింది. "ఈయనకేమైందిరా? ఎవరి కోసం పాడుతున్నాడు?" అంటూ ఆపడానికి పరిగెత్తబోయింది.

మేస్త్రీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరి కోసమూ కాదక్కా. అయిదు నిమిషాలు వదిలెయ్."

గర్జన పాటైంది. పాట కూనిరాగమైంది. పైన కొంగలు పోతున్నాయి, ఒక్కటీ వరస తప్పలేదు. రాజు తనంతట తనే వచ్చి కోట మెట్టు మీద కూర్చున్నాడు. మేస్త్రీ వెళ్ళి ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి నిలిచింది.

ఇంకా అనుమానమా? ఆ బల్బు కింద దూదిలో పడుకుని ఆ పూటంతా కళ్ళు విప్పి చూసిన మనిషి ఇంకా ఉంది. కిరీటం పెట్టెలో ఇప్పుడు ఆవిడ వక్కలు దాచుకుంటోంది. వెళ్ళి అడగండి, పేరు నిదానమ్మ.