ఎర్రకనుమ దాటిన పీరమ్మ

కొండలకు పేర్లు పెట్టిన కాలానికి కాస్త ఇవతల, రైలు కూత వినబడిన కాలానికి బాగా అవతల, ఎర్రకనుమ కింద పీరమ్మ అనే ఒక దూదేకుల ఆడమనిషి ఉండేది.

ఆ రోజుల్లో ఉత్తరాలు గుర్రాల మీద పోయేవి. ఒక టపా ఠాణాలో సంచి ఎత్తుకుంటే కొండ దాటి అవతలి ఠాణాలో దించాలి. పీరమ్మ మొగుడు దస్తగిరి ఆ పనే చేసేవాడు. చలిజ్వరం వచ్చి చచ్చిపోయాడు. అడవిలో పులులు, దారిలో దొంగలు. ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు. సంచి ఠాణాలోనే పడి ఉంది.

పీరమ్మ చీర గోచీ పోసి బిగించి కట్టుకుని ఠాణా గుమాస్తా ముందుకు పోయి నిలబడింది.

"సంచి ఇయ్యి సామీ."

"ఆడదానివి, గుర్రమెక్కుతావా?"

"ఎక్కేది ఆడదో మగోడో గుర్రం అడగదు సామీ. నువ్వెందుకు అడుగుతావు?"

గుమాస్తాకు వేరే దిక్కు లేదు. ఇచ్చాడు. ఎండనక, వాననక పీరమ్మ కొండ దాటుతూ వచ్చింది.

కనుమ మీద పెత్తనం ముద్దప్ప నాయుడిది. కోట కట్టుకుంటున్నాడు. కనబడిన మనిషినల్లా వెట్టికి పట్టుకుపోయి రాళ్ళు మోయించాడు. చేలు బీళ్ళయినాయి. పసిబిడ్డల తల్లులను కూడా వదల్లేదు. ఓర్చి ఓర్చి, ఊళ్ళవాళ్ళంతా కలిసి కలెక్టరు దొరకు అర్జీ రాయించారు. వేలిముద్రలు వేశారు. పట్టపగలు, నడివీధిలో పీరమ్మ చేతికిచ్చారు. ఆమె సంచిలో వేసుకుని గుర్రమెక్కింది.

నాయుడికి కబురు పోకుండా ఉంటుందా?

వాగు దగ్గర నాయుడి మనిషి ఎదురొచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పట్టుచీర.

"పీరమ్మా, దొరగారు పంపించినారు. చీర తీసుకో, సంచి ఇయ్యి."

"సంచి నాది గాదు. నాది గానిది నేనెట్ల ఇస్తా?" అని వాగు దాటింది.

చింతతోపు దగ్గర నాయుడి రౌతులు చుట్టుముట్టారు. బల్లేలు ఎత్తారు.

"ఏమ్మే, సంచి ఇస్తావా, పొడవమంటావా?"

"సంచి నాది గాదు. నాది గానిది నేనెట్ల ఇస్తా?"

సర్కారు సంచి కోసం రక్తం చిందించడానికి వాళ్ళకు గుండె చాల్లేదు. ఆమెను కిందికి లాగి గుర్రాన్ని తోలుకుపోయారు. "ఇంక ఎట్ల పోతావో పో" అని నవ్వారు.

పీరమ్మ సంచి నెత్తికెత్తుకుంది. నడిచింది. రాళ్ళు గుచ్చుకుని పాదాలు పగిలాయి. నడిచింది. గడ్డి కోసుకునే ఆడవాళ్ళు చూసి కొడవళ్ళు నడుముకు దోపుకుని ఆమె వెనక నడిచారు. రాళ్ళు మోసేవాళ్ళు చూశారు. రాళ్ళు కింద పారేసి నడిచారు.

కనుమ మీద నాయుడే ఉన్నాడు, గుర్రం మీద. దారికడ్డంగా రౌతులను నిలబెట్టాడు.

"సంచి ఇటియ్యి!"

పీరమ్మ నోరు తెరవకముందే వెనకనుంచి జనం అరిచారు. "సంచి ఆమెది గాదు, మాది! మేమియ్యం!"

"తొక్కించండ్రా!" అన్నాడు నాయుడు.

గుంపులోనుంచి ఒక ముసలామె ముందున్న రౌతు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒరే సుంకన్నా! నేన్రా, మీ పెద్దమ్మను. ఉగ్గుపాలు పోసిన చెయ్యి ఇదే. రా, ముందు నన్ను తొక్కించు."

సుంకన్న తల వంచుకున్నాడు. గుర్రం దిగాడు. పక్కవాడు దిగాడు. ఒకరిని చూసి ఒకరు, రౌతులందరూ దిగారు. నాయుడొక్కడే మిగిలాడు, గుర్రం మీద. పీరమ్మ అతని పక్కనుంచే నడిచిపోయింది. తలెత్తి చూడను కూడా లేదు.

అవతలి ఠాణాలో గుమాస్తా కసురుకున్నాడు. "గుర్రమేదీ? ఇంత ఆలస్యమా? పైకి రాస్తా చూడు."

"రాసుకో సామీ. ఆలస్యమని రాసుకో. రాలేదని మాత్రం రాయలేవు."

అర్జీ చేరింది. కలెక్టరు దొర వచ్చాడు. వెట్టి ఆగింది. కోట మొండిగోడలుగానే మిగిలిపోయింది. పీరమ్మ గుర్రం పీరమ్మకు వచ్చింది. పగిలిన పాదాలు మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. కుంటుతూనే గుర్రమెక్కేది. ఒక ఎండాకాలం కనుమ మీదే ప్రాణం వదిలింది. ఊళ్ళవాళ్ళు అక్కడే ఆమెను మట్టి చేశారు.

ఈనాటికీ ఎర్రకనుమను ఎవరూ దేనిమీదా ఎక్కి దాటరు. బండైనా, మోటారైనా దిగి నడవాల్సిందే. ఊరేగి వచ్చే పెండ్లికొడుకైనా సరే, గుర్రం దిగాల్సిందే. దిగనని బిగుసుకుంటే, గడ్డి కోసే ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి ఒకటే మాట అడుగుతారు.

"ఎవరబ్బా నువ్వు? ముద్దప్ప నాయుడివా?"