రథం కదిలే పాట

అనగనగా ఒక ఊళ్ళో మదనగోపాలస్వామికి తాటిచెట్టంత రథం ఉండేది. కాళ్ళు ముడుచుకుని పడుకోవే, చెబుతాను. ఊరంతా మోకులు పట్టుకున్నా సరే, ఆ రథాన్ని ఊరికే లాగేయకూడదు. ముందు అచ్చాయమ్మ అనే పెద్దావిడ తాళాలు వాయిస్తూ రథం కదిలే పాట పాడాలి. పాట ఎత్తుకున్నాకే లాగాలి. అది ఆ ఊరి ఆచారం.

ఆ పాట వాళ్ళింటి సొత్తు. అచ్చాయమ్మకి వాళ్ళ అత్తగారు నేర్పింది. మరి అచ్చాయమ్మ తన కోడలు వరహాలుకి నేర్పిందా? అబ్బే! "నా గొంతు బాగానే ఉందిగా, తొందరేం?" అనేది. నేర్పేస్తే ఇంక తనని ఎవరూ పిలవరని బెంగ, పిచ్చిది!

ఒక ఏడు రథోత్సవం వచ్చింది. ముందురోజు ఎండలో భజన చేసి చేసి, దాహమేసి, అచ్చాయమ్మ మూడు పుల్లైసులు చప్పరించేసింది. తెల్లారేసరికి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలే గానీ మాట లేదు.

అప్పుడు ఊరంతా హడావిడి. మిరియాల పాలు తాగించారు. రాలేదు. ఆ తర్వాత శొంఠి కషాయం పోశారు. రాలేదు. ఆ తర్వాత కరక్కాయ ముక్క బుగ్గన పెట్టారు. ఊహూఁ! మొహం వంకర తిరిగింది గానీ గొంతు మాత్రం రాలేదు.

"పాట లేకపోతే ఈ ఏడు రథం లేదమ్మా" అన్నారు పూజారిగారు. డోలు ఆగిపోయింది. మోకులు కింద పెట్టేశారు. అచ్చాయమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. 'నా చేతులారా స్వామిని ఆపేశానే, కోడలికి నేర్పి ఉంటే ఎంత బావుండేది' అని కుమిలిపోయింది.

అప్పుడు జనంలోంచి సన్నగా ఒక గొంతు లేచింది.

"వీధి ఊడ్చి ఉంచానయ్యా, వెన్న తీసి ఉంచానయ్యా..."

ఎవరనుకున్నావు? వరహాలే! ఇన్నేళ్ళూ అత్తగారు పెరట్లో పాడుకుంటుంటే, ఈవిడ అంట్లు తోముతూ మొత్తం పట్టేసింది. కానీ ఒక్క ముక్క పాడి, భయమేసి ఆగిపోయింది. అత్తగారి వంక చూసింది.

అచ్చాయమ్మ గబగబా వచ్చింది. తన తాళాలు కోడలి చేతిలో పెట్టి, తల నిమిరింది. ఇంక చూడు, జనం మళ్ళీ మోకులు అందుకున్నారు! మొదటి చరణానికి రథం కిర్రుమంది. రెండో చరణానికి ఊగింది. మూడో చరణానికి గడగడమంటూ బయల్దేరింది. అచ్చాయమ్మ చప్పట్లు కొడుతూ ముందు నడిచింది.

సాయంత్రానికి ఆవిడ గొంతు కాస్త పెగిలింది. మొదటి మాట ఏమందో తెలుసా?

"రెండో చరణం పరిగెత్తించేశావే పిల్లా! రా, ఇలా కూర్చో, నేర్పుతాను."

రథం గుడికి, పాట కోడలికి,
కథ కంచికి, నా బుజ్జిది నిద్దరకి!