జుబ్బా అంచు మీది గుర్తు

దస్తగిరికి ఓపిక అయిపోయింది.

పదహైదు దినాలుగా సుంకులమ్మకు ఇంగ్లీషు నేర్పిస్తా ఉన్నాడు. ఆమెకు యాభై దాటినాయి. ఊర్లో ఇండ్ల బట్టలుతికి బతికే మనిషి. ఇండ్లల్లోకి మిషన్లొచ్చి గిరాకీ పడిపోయింది. బస్టాండు కాడ కొత్త లాడ్జిలో పని ఇస్తామన్నారు గానీ, ఏ గదికి ఏ బట్ట పోవాలో చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. శుక్రవారానికి అది చదవగలిగితే పని ఆమెది. లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటారు.

ఆమె చదువును దర్గాలో ఉండే నబీసాయిబు తన శిష్యుడు దస్తగిరికి అప్పజెప్పినాడు. శిష్యుల్లో ఇంటరు దాకా చదివింది వాడొక్కడే. ఆ సంగతి వాడు మరిచిపోడు, ఇంకొకరిని మరిచిపోనీడు.

పిల్లోళ్ళ పుస్తకం తెచ్చి మొదటి పేజీ నుంచి పట్టుకున్నాడు. అక్షరాలు ఎట్లనో వచ్చినాయి. మాటలే నిలవడం లేదు. పొద్దున చెప్పింది మధ్యాన్నానికి గాలికి పోతుంది.

మంగళవారం ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నాడు.

సుంకులమ్మ మాటను వదిలేసి బొమ్మ చూసింది. "గుర్రం."

"గుర్రం కాదమ్మా, జీబ్రా. నిన్న ఇరవైసార్లు చెప్పించినా."

"చారల గుర్రమే కదా నాయనా. లాడ్జిలో ఇది కూడా దిగుతుందా?"

"పుస్తకం అయిపోతేనే చీటీ జోలికి పోవాల. మొదటి రోజే చెప్పినా."

"శుక్రవారం లోపల అయిపోతుందా?"

"నీతో అయితే వచ్చే రంజానుకు కూడా కాదు."

సుంకులమ్మ లేచి, ఉతికి తెచ్చిన బట్టల మూట తీసుకుని లోపలికి పోయింది. దస్తగిరి నేరుగా గురువు దగ్గరికి పోయినాడు. నబీసాయిబు అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటా ఉన్నాడు.

"నాతో కాదు సామీ. రాయికి చెప్పినా ఈపాటికి చదివేది. ఆ తలకాయలో ఏదీ నిలవదు."

"సరే, మానెయ్," అన్నాడు నబీసాయిబు. "మూట వచ్చింది. పోయి నీ జుబ్బా వేసుకుని రా."

లోపల సుంకులమ్మ మూట విప్పింది. శిష్యులవి పన్నెండు తెల్ల జుబ్బాలు. ఒకే తాను, ఒకే దర్జీ. దస్తగిరి పైన ఉన్నది తీసి తొడుక్కున్నాడు. చేతులు వేళ్ళు దాటి వేలాడినాయి. ఇంకొకటి తీసినాడు. అది మెడ కాడే ఆగిపోయింది. అరుగు మీది శిష్యుల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అది ఇమామన్నది, చింపేవు," అంటూ సుంకులమ్మ అడుగు నుంచి ఒకటి లాగి ఇచ్చింది. "ఇది నీది."

సరిగ్గా సరిపోయింది. "ఎట్ల కనుక్కున్నావు?"

అంచు మడిచి చూపించింది. బట్టలు కలిసిపోకుండా జీడిగింజ రసంతో పెట్టిన నల్ల గుర్తు. ఒక ఏటవాలు గీత, కింద రెండు చుక్కలు.

"ఇది ఎప్పుడు పెట్టినావు?"

"నువ్వు దర్గాకు వచ్చిన వారమే. మూడేండ్లాయె."

"ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి నీకు?"

"నూట ఎనభై ఇండ్లు ఉండె. ఇప్పుడు నలభై."

"పోయిన ఇండ్లవి కూడా గ్యాపకం ఉన్నాయా?"

"మనుషుల్ని మరిచిపోతామా నాయనా?"

నబీసాయిబు టీ గ్లాసు పక్కన పెట్టినాడు.

"మూడేండ్లు ఒంటి మీద వేసుకుని తిరిగినావు. ఒక్కనాడన్నా చదివినావా దస్తగిరీ?"

మరుసటి దినం పొద్దున దస్తగిరి, సుంకులమ్మ బట్టలుతికే వంక కాడికి పోయినాడు. చేతిలో పుస్తకం లేదు. ఒక టవలూ, దిండు గలీబూ ఉన్నాయి. ఆమె దగ్గర జీడిరసం పుల్ల అడిగి తీసుకుని, టవలు అంచు మీద ఇంగ్లీషులో టవలు అని రాసినాడు.

ఆమె వంగి చూసింది. "ఎవరి గుర్తు ఇది?"

"టవలుది."

సుంకులమ్మ చేతులు తుడుచుకుని, కొంగుముడి విప్పి, లాడ్జివాళ్ళిచ్చిన చీటీ తీసింది. ఆరిన బండ మీద పరిచి, వేలితో ఒక్కో వరసా దిగుతా వచ్చి మూడో వరస కాడ ఆగింది.

"ఈడ ఉండాడే." వేలు ఇంకా కిందికి పోయింది. "ఈడ ఇంకోసారి."

తలెత్తి దస్తగిరిని చూసింది. విసుగు ఈసారి ఆమె మొహంలో ఉంది.

"ఇన్ని దినాలు వీళ్ళను ఎందుకు దాచిపెట్టినావు నాయనా?"

దస్తగిరి పుల్ల మళ్ళీ ముంచి, దిండు గలీబు దగ్గరికి లాక్కున్నాడు.