దొరగారి కారు గర్జన

పూర్వం గుమ్మలపాడులో దొరగారి కారు ఎదురైతే జనం చెప్పులు విడిచి నిలబడాలి. ఆ కారేమో పిల్లిలా చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేది. చెప్పులతో పట్టుబడ్డవాడికి పది కొరడా దెబ్బలు.

అలా వీపు వాచిన కమ్మరి మల్లాచారి ఓ రోజు దొర ముందు చేతులు కట్టుకుని, "పులిలాంటి తమరికి పిల్లిలాంటి కారా, దొరా?" అన్నాడు.

దొరకి పౌరుషం పొడుచుకొచ్చింది. దొర హుకుంతో మల్లాచారి ఆ కారు పొగగొట్టం మార్చేశాడు. ఇక కారు కదిలితే రెండు కోసుల దూరం వినిపించేది.

నెల గడిచినా చెప్పులతో ఒక్కడూ పట్టుబడలేదు.

"ఏమిట్రా ఇది?" అని దొర మల్లాచారిని పిలిపించి గద్దించాడు.

"తమ గర్జన వింటూనే హడలిపోయి చెప్పులు విడిచేస్తున్నారు, దొరా!"

దొర మీసం మెలేశాడు. "అయితే ఇంకా పెద్ద గొట్టం పెట్టు!"

మల్లాచారి వంగి దణ్ణం పెట్టాడు. గేటు దాటగానే చెప్పులు తొడుక్కుని, నడిరోడ్డు మీద తాపీగా నడిచి వెళ్లాడు.